పొరపాటలు

"ఈయన పాట వినరండీ, దిద్దుతారు. చేతిలో ఎర్ర పెన్ను ఒక్కటే తక్కువ. మొన్న మా బంధువుల పెళ్ళిలో సన్నాయి వాయించినాయన ఈయన్ని చూసి భోజనం చెయ్యకుండానే వెళ్ళిపోయాడు," అంది వరహాలక్ష్మి, కాఫీ గ్లాసులు బల్ల మీద పెడుతూ.

రాజమండ్రి నుంచి కారు వేసుకుని రామచంద్రపురం వచ్చిన పబ్లిషర్ మణిశంకర్ నవ్వాలా వద్దా అని ఆలోచించాడు. ఎదురుగా కూర్చున్న ఆవిడ భర్త శ్రీరామమూర్తి నవ్వడం లేదు కాబట్టి మానేశాడు.

శ్రీరామమూర్తి వ్యవసాయ శాఖలో పనిచేసి రిటైరయ్యారు. తెగులు పట్టిన వరిని చూసినట్టే కొత్త పాటల్ని కూడా ఆకు ఆకూ తిప్పి చూస్తారు. అలా చూసి చూసి రాసిన పుస్తకమే 'పొరపాటలు'. ఉద్యోగంలో ఉన్నన్నాళ్ళూ రాయాలనుకుని, ఇన్నాళ్ళకు పూర్తిచేసిన మొదటి పుస్తకం. తన పేరున్న అట్ట బొమ్మ ఫోన్లోకి వచ్చిన రోజున ఆయన కూరలో ఉప్పు తక్కువైందని కూడా అనలేదు.

రేపు ప్రింటింగ్‌కి వెళ్ళాలి. ఆదివారం ఆవిష్కరణ. ఇంతలో ఈ గొడవ.

"ఒక్క ఏడో అధ్యాయం తీసేద్దామండి," అన్నాడు మణిశంకర్. "రుచి చూపిద్దామని ఫేస్‌బుక్‌లో పెట్టాను. నా నెత్తి మీదకొచ్చింది. అందులో మీరు తప్పుబట్టిన పాట అభిమానులు తిట్టిన తిట్లు మా నాన్న కూడా తిట్టలేదండి. పుస్తకం ఎవరూ కొనొద్దని ప్రచారం మొదలెట్టారు. ఆవిష్కరణ సభకొచ్చి అదే పాట డీజేలో పెడతారంట."

"నేను రాసినదాంట్లో అబద్ధం ఏముంది?"

అప్పుడే మణిశంకర్ ఫోన్ మోగింది. 'దాళ్వా నాట్లకు దారంతా వానే, దాచిన గొడుగులో దగ్గర మనమే' అంటూ. అతను కంగారుగా నొక్కేశాడు.

"మీరూనా!" అన్నారు శ్రీరామమూర్తి.

"మా అమ్మాయి పెట్టిందండి. నాకు తియ్యడం రాదు," అన్నాడు మణిశంకర్. "అయినా పాట బానే ఉంటుంది కదండి. కారులో వింటే రోడ్డు మీద గోతులు తెలియవు."

"బాణీని నేనేమన్నాను? డప్పు బాగుంది. ఆ పాడిన పిల్ల గొంతూ బాగుంది, కాస్త ఆవలింత తగ్గిస్తే. మాట చూడండి! దాళ్వా అంటే రెండో పంట. నాట్లు పడేది చలిలో. అప్పుడు దారంతా వాన ఎక్కడిదండి? వానల్లో నాటేది సార్వా. గోదారి నీళ్ళు తాగే పసిపిల్లలకి కూడా తెలుసు. ఆ రాసినవాడెవడో, వైనతేయ అట! మన గోదారి పాయ పేరైతే పెట్టుకున్నాడు గానీ, చేలో కాలు పెట్టిన మొహం కాదు."

"ప్రాస కోసం అయ్యుంటుందిలెండి," అంది వరహాలక్ష్మి. "దాళ్వా, దారంతా, దాచిన. అన్నీ 'దా' అయితే నోటికి బాగుంటుంది."

"'దా' కోసం పంట మార్చేస్తాడా? రేపు 'మా' కావాలంటే మాఘంలో మామిడిపళ్ళు పండిస్తాడు!"

"పాట విని ఎవరైనా నారు పోస్తారా ఏంటండీ? పాపం, ఏదో సరదాగా రాసుకున్న పాట. తీసేయండి ఆ అధ్యాయం."

"నువ్వు కూడా వాడి పక్షమేనా లక్ష్మీ? ఈ పాట వచ్చిన దగ్గర్నుంచీ చూస్తున్నాను, వంటింట్లో అదే కూనిరాగం. పప్పు మాడినా ఆగదు."

వరహాలక్ష్మి ఖాళీ గ్లాసులు తీసుకుని లోపలికి వెళ్ళింది.

మణిశంకర్ కుర్చీ ముందుకు జరుపుకున్నాడు. "పోనీ ఆ వైనతేయ చేతే ఓ మాట చెప్పిద్దామనుకున్నానండి. రాసినాయనే తప్పంటే ఇంక అభిమానులు నోరెత్తరు కదా. పాట తీసినవాళ్ళని అడిగాను. ఆయన ఎవరికీ కనపడరంట. పాటలు మెయిల్లో వస్తాయంట. ఫొటో కూడా లేదంట."

"మొహం చెల్లక."

"అయితే మీరే ఒక్క లైను రాయండి మూర్తిగారూ. 'దాళ్వాలో కూడా వానలు పడతాయి, నేనే పొరబడ్డాను' అని. పుస్తకం బయటికొచ్చేస్తుంది."

శ్రీరామమూర్తి కళ్ళజోడు తీసి, తుడిచి, మళ్ళీ పెట్టుకోకుండా చేతిలోనే ఉంచుకున్నారు.

"సర్వీసంతా రైతులకి ఎప్పుడు నారు పొయ్యాలో, ఎప్పుడు నాటాలో చెప్పినవాణ్ణి. ఇప్పుడు నా పుస్తకం కోసం దాళ్వాలో వానలు కురిపించమంటారా? వద్దండి. ఆపేయండి."

"ఆపేస్తే మళ్ళీ వెయ్యడం నా వల్ల కాదండి."

"తెలుసండి." ఆయన అట్ట బొమ్మ ఉన్న ఫోన్ని బల్ల మీద బోర్లా పెట్టారు. "అయినా ఈ రోజుల్లో తప్పుని తప్పని ఒప్పుకునేవాడెవడండి!"

వేడి పునుగుల పళ్ళెంతో వస్తున్న వరహాలక్ష్మి గుమ్మంలోనే ఆగిపోయింది. ఆయన గొంతులో కోపం లేదు. ఆవిడకి నచ్చనిది అదే. పోట్లాడే మొగుడితో ఆవిడ ఇన్నేళ్ళూ హాయిగా వేగింది. ఓడిపోయిన మొగుడు అలవాటు లేదు.

పళ్ళెం తెచ్చి బల్ల మీద పెట్టింది.

"ఆ రాసినవాళ్ళు తప్పని ఒప్పుకుంటే అధ్యాయం ఉంచుతారా మణిశంకర్ గారూ?"

"ఆయ్! ఒక్క అక్షరం తీస్తే ఒట్టండి. ఆ ఒప్పుకున్న మాటని అట్ట మీదే వేయిస్తాను. కానీ ఎక్కడని పట్టుకుంటామండి ఆ మనిషిని?"

"ముందు పునుగులు తినండి, చల్లారిపోతాయి," అంటూ ఆవిడ కొంగుతో చేతులు తుడుచుకుని మొగుడి వైపు తిరిగింది. వచ్చే నవ్వుని ఆపుకోవడం ఇంక చేతకాలేదు.

"మీరన్నదే నిజమండీ, ఆ దాళ్వా నేను తప్పే రాశాను."