జాలీకి కట్టిన నిమ్మకాయ

శంషాబాద్ షెడ్డులో చీకటి పడ్డాక, స్పోర్ట్స్ కారు రేడియేటర్‌కు రాళ్లు తగలకుండా ఐలయ్య ముందువైపు ఇనుప జాలీ బిగించాడు. కొత్త సామాను బిగించిన బండికి నిమ్మకాయ కట్టందే అతను తాళాలివ్వడు. ఆ పని అతని భార్య రుక్కమ్మది. దారం వేలికి చుట్టుకుని, ఎత్తిన బానెట్ కింద కూర్చుంది.

"కారుకు లక్షలు పోసి, మొకానికి జల్లెడ కట్టిచ్చుకున్నడా ఓనరు? నా వేలు గూడ దూరదు," అంది.

నిమ్మకాయ జాలీకి బయటివైపు కట్టింది. పైన విమానం మోత దాటిపోయేసరికి కాయ జాలీ లోపల ఉంది. వేలికున్న దారం బిగుసుకుంది.

"బానెట్ల కెల్లి గుంజకయ్యా, వేలు తెగుతది!"

"నేనేడ గుంజుతున్న? షట్టర్ కాడున్న," వెనక నుంచి పలికాడు ఐలయ్య.

అప్పటికే రుక్కమ్మ వేలు మొదటి కణుపు దాకా జాలీలోకి పోయింది.