ఎదుటి కుర్చీ

“పావురం ఉన్నదా?”

“లేదు సేటూ. పోయిన ఎండలకు సచ్చిపోయింది.”

“కుందేలు?”

“లేదు.”

“పావురం లేదు, కుందేలు లేదు. ఇగ నువ్వేం జాదూ చేస్తవు? రుమాలు మడతపెడతవు. గది మా సర్వర్ గూడ పెడతడు.”

ఇస్రాయేలు నవ్వాడు. నవ్వకూడదనే అనుకున్నాడు. ఎవరైనా చులకన చేస్తే వాళ్లకంటే ముందు తనే నవ్వేయడం అతనికి చిన్నప్పటి అలవాటు. ఆ నవ్వు చూసి ఎదుటివాళ్లు ఇంకో మాట అంటారని తెలుసు. తెలిసినా పెదాలు మాట వినవు.

అతణ్ని కూర్చోమనలేదు. ఉన్నది ఒకటే కుర్చీ, అది బల్లకు అవతల. ఆ కుర్చీలో కాలు మీద కాలు, చేతిలో చాయ్ గ్లాసు. ఇస్రాయేలు ఇవతల నిలబడే ఉన్నాడు. ఎడమ చేతిలో పేకముక్కల కట్ట. కుడిచెయ్యి ప్యాంటు జేబులో.

బయట హైవే మీద లారీల మోత. చౌటుప్పల్‌లో ఎక్కడ నిలబడ్డా ఆ మోత తప్పదు.

విజేందర్ సేటు కొత్తగా తెరిచిన గార్డెన్ హోటల్‌లో ప్రతి శని, ఆదివారాలు మ్యాజిక్ షో. ఈ బేరం కుదిరితే పుట్టినరోజు ఫంక్షన్ల కోసం ఊరూరికీ ఫోన్లు చేసి అడుక్కునే బాధ తప్పుతుంది. కుదరకపోతే జాదూగర్‌నని చెప్పుకోవడమే మానేస్తానని అతను తనలో తనే ఒట్టు పెట్టుకున్నాడు.

“ఆటకు వెయ్యి. అండ్ల సగం పైసలు, సగం బిర్యానీ.”

“మొన్న పదిహేను వందలన్నరు గద సేటూ?”

“మొన్నటి మాట మొన్ననే పాయె.”

“బిర్యానీతోని బడి ఫీజు కడ్తనా?”

“గది నీ ఫికరు. పోరగాండ్లందరు ఫోన్లల్ల తలకాయ పెడ్తున్నరు. నీ రుమాలుల పువ్వొస్తే ఎవనికి గావాలె?”

“పోరగాండ్లు సతాయిస్తే తల్లిదండ్రులు సగం తిని లేసి పోతరు. నా ఆట నడిచినంతసేపు ఒక్కరు గూడ లేవరు. ఇంకో ప్లేటు తెమ్మంటరు. అది నీకు లాభం గాదా?”

ఈ మాట బాగానే వచ్చింది. గొంతు తడబడలేదు.

ఎదుటి నుంచి భలే అన్నట్టు గ్లాసు మీద వేళ్ల తాళం వినిపించింది. మెల్లగా, వెక్కిరింతగా.

“మాటలకేం తక్కువ లేదు. మాటలతోనే ఇన్నేండ్లు బతికినవు. ఇంట్లోల్లను గూడ గట్లనే బతికించినవు. మందుల కంపెనీ గేటుకాడ వాచ్‌మన్ కొలువు చెయ్యరాదు? ఒకటో తారీకు జీతమొస్తది. గీ జాదూ నీకు ఇష్టమేనా అని ఇంట్ల ఆమెను ఎన్నడన్న అడిగినవా?”

“ఇంటి ముచ్చట వద్దు. బేరం మాట్లాడు.”

“ఎందుకు వద్దు? పెండ్లినాడు కోటేసుకొని కోడిగుడ్డు మాయం జేస్తే మురిసి ఉంటది, పాపం. ఇన్నేండ్లల్ల ఏమేం మాయమైనయో ఆమెనడిగితే ఎరుకైతది.”

ఇస్రాయేలుకు అవమానం కంటే ముందు భయం వేసింది. ఈ గొంతులో బేరం ఎప్పుడో అయిపోయింది. ఇప్పుడు మాట్లాడుతున్నది కోపం. అదీ ఇవాళ పుట్టింది కాదు, బాగా మగ్గిన కోపం.

“కుడిచెయ్యి తియ్యి జేబులకెల్లి.”

అతను కదల్లేదు.

“తియ్యి. పత్తాలు కలుపు. జూస్త.”

జనం చూపు ఎటు ఉండాలో ఆటగాడే చూసుకోవాలి. ఆ విద్య అతనికి వచ్చినంతగా చుట్టుపక్కల ఇంకెవరికీ రాదు. ఎండాకాలం నుంచి అందరి చూపునూ ఎడమచేతి మీదే నిలిపి ఉంచానని నమ్మాడు. చాయ్ ఎడమచేత్తోనే తాగాడు. చొక్కా గుండీలు ఎడమచేత్తోనే పెట్టుకున్నాడు. దవాఖానకు ఒక్కడే పోయి, ఒక్కడే వచ్చాడు. భార్య మెర్సీకి కూడా తెలియనివ్వలేదు.

కుడిచెయ్యి బయటికి తీశాడు. పత్తాలు కలపబోయాడు. వేళ్లు వణికాయి. కట్ట చెదిరి సగం బల్ల మీద, సగం నేల మీద పడింది.

“గిదా సంగతి. ఎన్నొద్దులు దాస్తవు?”

ఈసారి అతనికి నవ్వు రాలేదు.

“వణుకుతది. అయితేంది? పత్తాల ఆట బంద్ పెడ్త. తాడు ఆట, గ్లాసుల ఆట ఎడమచేత్తోని చేస్త. చేసి చూపిస్త. పదిహేను వందలు, మొత్తం పైసలే. ఒక్క రూపాయి తక్కువైనా రాను. మనిషిని నిలవెట్టి మాట్లాడేటోల్ల కాడికి అసలే రాను. ముందుగాల కుర్చీ ఎయ్యి!”

అన్నాక తెలిసింది, తను అరిచాడని.

ఒక లారీ గోడలు అదిరేలా పోయింది. చాయ్ గ్లాసు బల్ల మీద పెట్టిన చప్పుడైంది.

“రేపు విజేందర్ సేటు ముందట గూడ గిట్లనే మాట్లాడు, ఇప్పుడు సేటు లెక్క కూసుండి నేనన్నవాట్ల సేటు మాటలెన్ని, నా మాటలెన్ని అని మాత్రం అడగకు,” అంటూ ఎదుటి కుర్చీలోంచి మెర్సీ లేచింది.