వెచ్చగా ఉంటే పిట్ట

డెల్మాకు ఈ లోకంలో అన్నిటికన్నా పెద్ద భయం ఒక్కటే. ఏదో ఒకరోజు తన కొడుకు రోరీ బొరియలో చెయ్యి పెడతాడు, లోపల పిట్టకు బదులు పాము ఉంటుంది.

ఆ రోజు దగ్గరపడనే పడింది. ఏప్రిల్ మొదటి వారం, భూగోళానికి దక్షిణాన ఉన్న ఈ దీవిలో చలి మొదలయ్యే రోజులు. సముద్రం మీంచి వచ్చి కొండవాలంతా బొరియలు చేసుకున్న యోలా పిట్టల పిల్లల్ని మాంసానికీ నూనెకీ పట్టే కాలం. రోరీకి ఏడు నిండాయి. ఈ దీవిలో ఏడు నిండితే చెయ్యి పెట్టాల్సిందే. డెల్మా అమ్మమ్మ పెట్టింది, అమ్మ పెట్టింది. డెల్మా కూడా పెట్టింది, ఆ తర్వాత ఈ పని కోసమే ఎనిమిదో తరగతి మధ్యలో చదువు ఆపేసింది.

ఈ ఒక్క ఏడాది ఆగుదామని క్లైడ్ బాబాయిని బతిమాలింది. ఆయన వినలేదు.

"వాడి చెయ్యి పెరిగేలోపు నీ భయం ఇంకా పెరుగుతుందే అమ్మాయ్," అన్నాడు.

"దీనికి తాడు కనిపించినా పామే," అంది విడా అత్త, పొయ్యి మీద నీళ్లు మరగబెడుతూ. "పిల్లాణ్ణి ఏప్రన్ జేబులో వేసుకుని తిరగవే."

బొరియలో చెయ్యి పెట్టగానే వెచ్చగా తగిలితే పిట్ట. చల్లగా తగిలితే పాము, చెయ్యి వెనక్కి లాగెయ్యాలి. ఈ పనికి ఇంతకుమించి చదువు లేదు.

ఆ రాత్రి డెల్మాకు కంటి మీద కునుకు లేదు. తెల్లవారగానే, ఎవరూ లేవకముందే కొండవాలెక్కింది. రోరీకి క్లైడ్ కేటాయించిన వరసలో పధ్నాలుగు బొరియలు. బోర్లా పడుకుని ఒక్కోదాంట్లో భుజందాకా చెయ్యి దూర్చి చూసింది. చలిగాలికి వేళ్లు కొయ్యబారిపోయాయి. అన్నిట్లోనూ పిల్లలే, నూనెతో ఉబ్బి మెత్తగా తగిలాయి. తొమ్మిదో దాంట్లో పిల్ల మణికట్టు మీద గట్టిగా పొడిచింది. మామూలే. ఈ నెలలో దీవి మొత్తం మీద గీతలు లేని చెయ్యి ఉండదు. అయినా పొడిచే పిల్ల తన కొడుక్కెందుకని, ఆ బొరియ నోట్లో గడ్డి దుబ్బు కుక్కి వచ్చింది.

పని మొదలైంది. రోరీ మోకాళ్ల మీద వంగి చెయ్యి పెడుతున్నాడు, పిల్లను లాగుతున్నాడు, క్లైడ్ దాని మెడ విరిచి కావడి కర్రకు గుచ్చుతున్నాడు. వాళ్ల వెనకే డెల్మా, గుండె గుప్పెట్లో పెట్టుకుని. అంత చలిలోనూ ఆమెకు చెమటలు పోస్తున్నాయి. కడుపులో దేవుతోంది. తల పగిలిపోతోంది.

"ఇవి ఒక్క గుడ్డే పెడతాయిరా," అని చెబుతున్నాడు క్లైడ్. "ఏటేటా అదే బొరియకు వస్తాయి. ఇంకో పది రోజుల్లో తల్లీ తండ్రీ పిల్లను ఇక్కడే వదిలేసి, ఉత్తరాన మంచు సముద్రాలకు ఎగిరిపోతాయి."

"మరి పిల్లకు దారెవరు చూపిస్తారు తాతా?"

"ఎవరూ చూపించరు. ఆకలేసి అదే బయటికొస్తుంది. అదే పోతుంది."

ఈ మాట విన్నప్పుడల్లా డెల్మాకు ఒళ్లు జలదరిస్తుంది. ఏ తల్లికైనా ఎలా మనసొప్పుతుంది?

పన్నెండో బొరియ దగ్గర రోరీ కెవ్వుమన్నాడు.

చెయ్యి బయటికి లాగేసరికి మణికట్టంతా మట్టీ నెత్తురూ. క్లైడ్ వెంటనే వాణ్ణి పడుకోబెట్టి, కదలొద్దని చెప్పి, పాము కాటుకు కట్టినట్టే వేళ్ల నుంచి చంకదాకా కట్టు బిగించాడు. విడా అత్త గుడిసెలో రేడియో దగ్గరికి పరిగెత్తి, పెద్ద దీవి నుంచి విమానం పంపమంది. డెల్మా కొడుకు దగ్గరికి వెళ్లబోయింది. కాళ్లు పట్టు తప్పి అక్కడే కూలబడింది. వాడి పేరు పిలవబోతే నాలుక మడతపడింది.

క్లైడ్ అదే బొరియలో తన చెయ్యి దూర్చాడు. కాసేపు తడిమి, బలిసిన యోలా పిల్లను ఒకదాన్ని బయటికి లాగాడు. దాని ముక్కుకు నెత్తురంటి ఉంది. ఆయన ఊపిరి వదిలి, కట్టు విప్పి, రోరీ మణికట్టు తుడిచాడు.

"చూడు. యోలా ముక్కు కొన కొక్కెంలా వంగి ఉంటుంది. పొడిస్తే ఒకటే గాటు. పాముదైతే రెండు చుక్కలు. ఇదిగో, ముక్కు మీద ఈ గొట్టాలు చూశావా? ముక్కు మీద గొట్టాలున్న పామును నేనైతే ఇంతవరకూ చూళ్లేదు."

అందరూ నవ్వారు. విడా అత్త మళ్లీ రేడియో దగ్గరికెళ్లి విమానం అక్కర్లేదని చెప్పేసింది.

డెల్మా కూడా నవ్వబోయింది, మొహం కదల్లేదు. ఇద్దరు రోరీలు కనిపించారు. కళ్లలో నీళ్లు నిండాయనుకుంది. ఏదో అంది గానీ మాట ముద్దముద్దగా వచ్చింది.

"పట్టిన భయం దిగుతోంది, ఇంకేం లేదు," అంటూ విడా అత్త ఆమెను గుడిసెలోకి నడిపించి, దుప్పటి కప్పింది. "రాత్రంతా జాగారం చేసినట్టున్నావు. పడుకో. నీ కొడుకు మగాడయ్యాడులే."

డెల్మా రెప్పలు వాటంతటవే వాలిపోయాయి.

మధ్యాహ్నం భోజనాల దగ్గర రోరీ పెద్ద డాక్టరైపోయాడు. ఒక్కొక్కరి దగ్గరికీ వెళ్లి చేతులు తిప్పి చూస్తున్నాడు. క్లైడ్ చేతి మీద ఒకటే గాటు, యోలా. ఈకలు పీకేవాళ్లవీ అంతే, యోలా. విడా అత్త చేతికున్నది మాత్రం పెనం తగిలి కాలిన మచ్చ అని తేల్చాడు. అందరూ పొట్ట పట్టుకుని నవ్వారు. ఇక అమ్మ ఒక్కతే మిగిలిందని గుడిసెలోకి పరిగెత్తాడు.

కాసేపటికి తిరిగొచ్చి క్లైడ్ చొక్కా పట్టుకుని లాగాడు.

"తాతా, అమ్మ చేతి మీద రెండు చుక్కలున్నాయి, ఒకసారి వచ్చి చూడవా?"