మాస్టారి ‘ఊఁ’

టీచర్లందరి మణికట్టుకీ ఉద్యోగ తృప్తిని కొలిచే పట్టీ ఉంటుంది. లెక్కల మాస్టారు సుగుణాకరానిది ఏడాదిగా ఎరుపే. ఈ సాయంత్రానికీ మారకపోతే ఇంటికి పంపేస్తారు. పాఠాలన్నీ గోడమీది తెరే చెబుతోంది; ఆయన పని కుర్చీలో కూర్చోవడమే.

బడి విడిచాక పదో తరగతి గౌసియా వచ్చింది.

"ఈ లెక్క చూడండి సార్."

"తెర చూసిందిగా?"

"అది అందర్నీ శెభాషే అంటది సార్. మీరైతే తప్పుంటే తిడతారు."

చూశాడు. "మైనస్ మింగేశావ్, మొద్దు పిల్లా!"

దిద్దుకొచ్చింది. ఆయన "ఊఁ" అన్నాడు.

"సార్ ఊఁ అన్నారే!" అని అరుస్తూ వరండాలో పరుగెత్తింది.

ఆ కేకకి వచ్చిన హెడ్మిస్ట్రెస్ పట్టీ చూసి ఆగిపోయింది.

"ఆకుపచ్చగా మారిందే! ఏం చేశారు మాస్టారూ?"

"నాదేం లేదు మేడమ్. అంతా ఆ పిల్ల చలవ."