ముసలి ప్యో మైకు పరీక్ష

యోంగ్సాన్ ఎలక్ట్రానిక్స్ మార్కెట్ మూడో అంతస్తులో షట్టర్లన్నీ దిగిపోయాయి, ముసలి ప్యో కొట్టు తప్ప. ఆఫీసులు వదిలించుకున్న రెండు పాత ల్యాప్‌టాప్‌లు విప్పి, ఒకదాని తెరా మైకూ రెండోదానికి బిగించాడాయన. మైకు పనిచేస్తోందో లేదో చూడ్డానికి అందరూ ఒకటి, రెండు అంటారు. భార్య పోయాక ఆయన మాత్రం "తిన్నావా?" అని అడుగుతాడు.

రికార్డయింది వేసి విన్నాడు.

"తిన్నావా?"

"లేద్సార్, ఇంకా పనుంది," అంది అలసిన ఆడగొంతు.

చుట్టూ చూశాడు. ఎవరూ లేరు. భయపడాల్సిందే, కానీ రోజంతా ఆయనతో మాట్లాడింది ఆ గొంతొక్కటే. మళ్ళీ రికార్డు నొక్కి, "నేనూ తినలేదమ్మా, రా," అన్నాడు.

ఈసారి వేసి వింటే, ఆత్రంగా నూడుల్స్ జుర్రుకుంటున్న చప్పుడు వినిపించింది.

పక్కన ఇందాక తెప్పించుకున్న నూడుల్స్ గిన్నె, ఆవిరి పట్టిన ప్లాస్టిక్ పొరతో, కట్టింది కట్టినట్టే ఉంది. ఎత్తి చూశాడు.

మరీ తేలిగ్గా ఉంది.