శ్రీశైలం నడకకు సరంజామా

చెప్పులు వద్దంటే వద్దన్నాడు కిషన్. చెప్పుల్లేకుండా అడవిలో ముసలామెను ఎట్లా నడిపిస్తారని శశికళ నిలదీసింది. అబిడ్స్‌లో చెప్పుల దుకాణం ముందు చాలాసేపటి నుంచి ఇద్దరికీ ఇదే వాదులాట. ఎవరి కాళ్ల గురించి ఈ రచ్చంతా జరుగుతోందో ఆ సౌభాగ్యమ్మ మాత్రం రోడ్డు పక్క రిక్షాలో కాళ్లు చాపుకుని కూర్చుని, పల్లీలు నములుతూ చోద్యం చూస్తోంది.

సౌభాగ్యమ్మ శశికళకు నాయనమ్మ. దీపావళి వెళ్లిన మర్నాడు ఆమె ఉన్నట్టుండి, శ్రీశైలం మల్లన్నకు కాలినడక మొక్కు ఉందనీ, ఏర్పాట్లు చూడమనీ ప్రకటించింది. ఇంటిల్లిపాదీ ఆమె చుట్టూ మూగారు. నాంపల్లి స్టేషన్ దాకా నడిస్తేనే మోకాళ్లు పట్టుకుని కూలబడే మనిషి నల్లమల ఎట్లా దాటుతుంది? కొడుకు వామన్‌రావు బతిమాలాడు, కోప్పడ్డాడు, చివరికి దండం పెట్టాడు. ఆమె చలించలేదు. ఎందుకు మొక్కావంటే, అది మల్లన్నకూ తనకూ మధ్య మాట అంది. పోలీసు యాక్షన్ గడబిడలో వామన్‌రావు ఇల్లు చేరక అందరూ ఏడ్చిన రోజుల్లో మొక్కి ఉంటుందని ఇంట్లోవాళ్లు తమకు తామే తేల్చుకున్నారు.

శశికళకు నాయనమ్మంటే ప్రాణం. వెళ్లడం ఖాయమైతే క్షేమంగా తిరిగి తెచ్చే పూచీ నాదంటూ కొంగు బిగించింది. నాంపల్లి బడిలో పిల్లలకు లెక్కలు చెప్పే మనిషికి ఇదొక లెక్కా అనుకుంది. పైగా యాత్ర మాట వచ్చాక ఇంట్లో పెళ్లి మాట ఆగింది. ఆ మధ్య చూపులకొచ్చినవాళ్లు, పిల్ల కుంటిది కాదు కదా, నాలుగడుగులు వేసి చూపమన్నారు. శశికళ లేచి, నాలుగడుగులతో ఆగకుండా నేరుగా బడిదాకా నడిచి వెళ్లిపోయింది. ఇక ఎవరి ముందూ నడిచేది లేదని ఒట్టు కూడా పెట్టుకుంది.

దారి తెలిసినవాడు కావాలని నాయనమ్మే కిషన్‌ను పిలిపించింది. ఆమె స్నేహితురాలు శంకరమ్మ మనవడు, అబిడ్స్ పోస్టాఫీసులో గుమాస్తా. పోయిన శివరాత్రికి అచ్చంపేట మీదుగా శ్రీశైలం నడిచి వచ్చాడు. ఆ ఒక్క నడకతో అడవంతా తన పెరడే అన్నట్టు మాట్లాడతాడని శశికళ ఫిర్యాదు.

అతను నీళ్లకు సొరకాయ బుర్ర చాలన్నాడు. ఆమె ఫుట్‌పాత్ మీద అమ్మే మిలిటరీ సీసా కావాలంది. దారిలో వండుకుందామని ఆమె, పొయ్యి రాజేసేసరికి తెల్లారుతుంది కనుక అటుకులు కట్టుకుందామని అతను. కృష్ణ దాటడానికి పుట్టి, అంటే బుట్టలాంటి గుండ్రటి పడవ, ఎక్కాలని అతను చెప్పినప్పుడు శశికళ నిజంగా భయపడింది. పుట్టి గిరగిర తిరుగుతుందట కదా, నాయనమ్మకు కళ్లు తిరిగితే? తన భుజం పట్టుకుని కళ్లు మూసుకోమన్నాడు కిషన్. ఎవరికి చెబుతున్నాడో అతనికే సరిగ్గా తెలిసినట్టు లేదు.

నడక అలవాటు చేసుకోవాలని సాయంత్రాలు నాంపల్లి నుంచి అబిడ్స్ దాకా సాధన కూడా పెట్టుకున్నారు. సౌభాగ్యమ్మ పది అడుగులు వేసేది, హరహరా అనుకుంటూ రిక్షా ఎక్కేది. ముందు వీళ్లిద్దరూ మూట నెత్తిన మోయాలా, భుజానా అని కీచులాడుకుంటూ నడుస్తుంటే, వెనక ఆమె రిక్షాలో దొరసానిలా వచ్చేది. రిక్షా తొక్కే బీరయ్యకు నవ్వాగేది కాదు. ఈ లెక్కన శ్రీశైలం దాకా తానే తొక్కాల్సి వస్తుందని అనేవాడు.

మాఘమాసం వచ్చేసరికి సరంజామా అంతా సిద్ధమైంది. రాత్రి వెలుతురుకు కందీలు, కంబళ్లు, అరికాళ్లకు ఆముదం, ఇద్దరి పంతమూ నెగ్గేలా బుర్ర ఒకటీ సీసా ఒకటీ. చెప్పులు మాత్రం ఇంకా తేలలేదు. నాయనమ్మ మోకాళ్లు చూస్తే బూరెల్లా వాచి ఉన్నాయి. ఆముదం రాస్తూ రాస్తూ శశికళకు దుఃఖం ఆగలేదు.

"నువ్వు పోతే నేను బతకనే నాయనమ్మా. నీ బదులు నేను నడుస్త. మల్లన్న ఒప్పుకోడా?"

"ఎందుకొప్పుకోడు బిడ్డా," అంది సౌభాగ్యమ్మ చటుక్కున.

గడప దగ్గర నిలబడ్డ కిషన్ అటుకుల మూట దించాడు.

"అడవిల ఒక్కరే ఎట్ల పోతరు? మీకు అభ్యంతరం లేకుంటే తోడు నేనొస్త," అన్నాడు.

"చెప్పులేసుకునే నడుస్త," అంది శశికళ కళ్లు తుడుచుకుంటూ.

"ఏసుకోండ్రి. నాకూ ఒక జత తీసుకుంట."

ఇన్ని నెలల్లో అతను ఓడిపోవడం అదే మొదలు. గెలిచినందుకు ఎగిరి గంతేయాల్సింది పోయి, శశికళ తలొంచుకుని ముసిముసిగా నవ్వింది. ఇలా నవ్వుతానని ఆమె కూడా అనుకోలేదు. వెంటనే తేరుకుని నాయనమ్మ వైపు తిరిగింది.

"ఎల్లుండి మంచిదేనా? బయలుదేరుతం."

"గంత తొందరేంది? కోరిక తీరినంకనే గదా మొక్కు చెల్లించుడు."

శశికళ ఆముదం గిన్నె పక్కకు నెట్టేసింది.

"ఇంకా తీరలేదా? మరి ఇన్ని దినాలు మమ్ములనెందుకు తిప్పినవ్? ఇంతకూ ఏమని మొక్కినవ్?"

సౌభాగ్యమ్మ మనవరాలి చెంపలు నిమిరి, కిషన్‌ను కూడా దగ్గరికి రమ్మని సైగ చేసింది.

"మీ ఇద్దరికి పెండ్లయితే, జంటను నడిపిస్తనని."