అడ్డం పన్నెండు

"ఈ గళ్ళ నుడికట్టు తయారుచేసింది ఎవరమ్మా?"

పత్రికాఫీసు గుమ్మంలో ఓ ముసలామె. చేతిలో మడతపెట్టిన ఆదివారం పేజీ.

"నేనే. ఏం కావాలి?" అంది సబ్ ఎడిటరు తలెత్తకుండా.

"అడ్డం పన్నెండు తప్పు."

సబ్ ఎడిటరుకి ఒళ్ళు మండింది. పొద్దుటినుంచి ఇది ఏడో ఫిర్యాదు. మనుషుల పేర్లకి బహువచనం తగిలించి గళ్ళు నింపడమేమిటని పాఠకులు ఫోన్లో దులిపేస్తున్నారు. 'విమలలు' అంటే ఊరుకున్నారు. 'మాధవులు' అంటే గొణిగారు. ఈ వారం మాత్రం వదిలిపెట్టలేదు.

ఆధారం ఇది: మన ఊళ్ళో వీధికి పదిమంది. నాలుగు గళ్ళు.

జవాబు: సుభద్రలు.

"జవాబు తట్టలేదా పెద్దమ్మా?"

"తట్టకేం, మొట్టమొదట నింపింది అదే. కానీ వీధికి పదిమంది ఎక్కడున్నారు? ఊరంతా కలిపినా నలభై ఒక్కరు."

"లెక్కపెట్టారా?"

"పెట్టాను. వచ్చేవారం సరిచేసి వెయ్యి తల్లీ."

సరదాకి రాసినదానికి కూడా సవరణ కావాలట. పనీపాటా లేకపోతే ఇంతే అనుకుంది సబ్ ఎడిటరు.

"వచ్చేవారానికి నలభైమందే ఉంటారు లెండి," అంటూ బల్లమీది కాగితం ముందుకు తోసింది.

పేరు మార్పు ప్రకటన. శుక్రవారం పేపర్లో రావాలి. సబ్ ఎడిటరుదే.

ముసలామె కళ్ళజోడు సర్దుకుని రెండుసార్లు చదివింది.

"నీ పేరూ అదేనా?"

"అదే నా ఖర్మ. బళ్ళో ఒక్క తరగతిలోనే ఐదుగురం. టీచరు నంబర్లిచ్చింది. నేను మూడు. ముప్పై ఏళ్ళొచ్చినా స్నేహితులు నన్ను 'మూడూ' అనే పిలుస్తారు. ఈ పాతకాలం పేరు ఎందుకు పెట్టావంటే, ఆసుపత్రిలో ఎవరో చెప్పారు, పెట్టేశాం అంటుంది మా అమ్మ."

ముసలామె ఆమె ముఖంలోకి పరీక్షగా చూసింది. ఆమె చెయ్యి ముట్టుకోబోయి ఆగింది.

"పుట్టినప్పుడు మరీ ఇంతే ఉండేదానివా?" అంది రెండు అరచేతులూ పక్కపక్కన పెట్టి చూపిస్తూ.

"ఏమో, నాకేం తెలుసు?"

"మార్చుకోకపోతే కుదరదా తల్లీ?"

"నా పేరు, నా ఇష్టం. మధ్యలో మీకొచ్చిన నష్టమేమిటి?"

ముసలామె పేజీని ఇంకో మడత పెట్టింది.

"నష్టమేం లేదులే. నలభై అనే వెయ్యి అయితే," అని నెమ్మదిగా మెట్లు దిగి వెళ్ళిపోయింది.

శుక్రవారం ప్రకటన అచ్చయింది. ఆదివారం నుడికట్టు కూడా వచ్చింది. సవరణ సంగతి సబ్ ఎడిటరుకి గుర్తే లేదు.

సోమవారం మరణ ప్రకటన ఒకటి ఇవ్వడానికి రిటైరైన నర్సు వచ్చింది. ప్రకటనలో వెయ్యాల్సిన ఫొటో చూడగానే సబ్ ఎడిటరు ఉలిక్కిపడింది.

"అయ్యో, ఈవిడ మొన్ననే ఇక్కడికి వచ్చారు. అడ్డం పన్నెండులో సుభద్రల లెక్క తప్పని."

"వచ్చే ఉంటుంది. ఆ పేరు కనిపిస్తే ఊరుకునే మనిషి కాదు," అంది నర్సు. "మా కాన్పుల వార్డులో ఆయా. నెలలు నిండకుండా పుట్టినవాళ్ళని గుడ్డతో గుండెకి కట్టుకుని రోజుల తరబడి కూర్చునేది. డాక్టర్లు పెదవి విరిచినవాళ్ళని కూడా. బిడ్డ గట్టెక్కాక, నువ్వే పేరు పెట్టమని తల్లులు అడిగేవాళ్ళు. ఆడపిల్లయితే ఎప్పుడూ ఒకటే పేరు చెప్పేది."

మీకొచ్చిన నష్టమేమిటని ఆవిడనే అడిగింది సబ్ ఎడిటరు. తన నోటితో తనే ఎంత మాట అంది. ప్రకటన కాగితం దగ్గరికి లాక్కుంది. పోయినామె పేరు దగ్గర వేరే పేరేదో ఉంది.

"సుభద్ర అన్నది ఈవిడ పేరు కాదా?"

"కాదమ్మా. ఆవిడ కూతురిది. ఆ వార్డులోనే పుట్టింది, పుట్టిన పూటే పోయింది."